నలభై షాట్ల తీర్పు

తిరుమలగిరి చౌరస్తా నుంచి లాల్ బజార్ వైపు సాయంత్రం పూట నడిస్తే ఫుట్‌బాల్ జెర్సీలు కళ్లపడుతూనే ఉంటాయి. ఒకడి ఒంటి మీద చెల్సీ నీలం, ఇంకొకడి ఒంటి మీద మాంచెస్టర్ ఎరుపు. కంటోన్మెంట్ నేల కాబట్టి ఈ ఆట ఇక్కడ నిన్న మొన్న దిగుమతైంది కాదు. పటాలాల జట్లు ఆడిన మైదానాల పక్కనే ఊరు పెరిగింది. ఈ కుర్రాళ్ల మాటల్లో తరచూ ఒక తీర్పు వినబడుతుంది: "వాణ్ణి అమ్మేయాలె భాయ్. సీజన్ మొత్తం ఆడిపిస్తే రెండు గోల్సే కొట్టిండు." ఆ "వాడు" చాలాసార్లు మిడ్‌ఫీల్డరే అయివుంటాడు. గోల్‌కీపర్ తప్పు చేస్తే బంతి వలలో ఉంటుంది, ఫార్వర్డ్ తప్పు చేస్తే బంతి గ్యాలరీలో ఉంటుంది. నడుమ ఆడేవాడు ఏం చేశాడో, ఏం చేయకుండా వదిలేశాడో చూసేవాళ్లకు అంత స్పష్టంగా తెలియదు. అందుకే జట్టు ఓడితే అనుమానం ముందు అతని మీదికే పోతుంది.

అమ్మాలా వద్దా అన్నది యజమాని తేల్చుకోవాల్సిన లెక్కలా కనబడుతుంది. కానీ దాని అడుగున ఉన్నది కొలతల శాస్త్రం. కొద్ది నెలల ఫలితాలను చూసి ఒక మనిషి పనితనం గురించి ఎంతవరకు చెప్పగలం? దీనికి జవాబు దొరికాకే బేరం మాట.

మన నగరం క్లబ్‌తోనే మొదలుపెడదాం. పుణె సిటీ క్లబ్ స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లోకి వచ్చింది. గచ్చిబౌలి స్టేడియం సొంత మైదానం. తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి రెండే గెలిచింది. 10 పాయింట్లతో పట్టికలో అట్టడుగున నిలిచింది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే సాగనంపారు. ఆ జట్టులో నడుమ నిఖిల్ పూజారి, మహమ్మద్ యాసిర్, సాహిల్ తవోరా ఉన్నారు. వెనక ఆశిష్ రాయ్, గోల్ దగ్గర లక్ష్మీకాంత్ కట్టిమణి. ఆనాడు వీళ్లలో ఎవరిని అమ్మేయమన్నా కాదనేవాళ్లు తక్కువ. చివరి స్థానంలో ఉన్న జట్టు ఆటగాడికి సాక్ష్యం చెప్పేవాడు ఎవడుంటాడు?

ఈ అయిదుగురూ రెండేళ్ల తర్వాత కూడా అదే జట్టులో ఉన్నారు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో ఆ లీగ్ ఫైనల్ జరిగింది. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందుంది. 88వ నిమిషంలో, బెంచీ మీద నుంచి దిగిన తవోరా పెనాల్టీ ప్రాంతం బయటి నుంచే బంతిని వలలోకి కొట్టాడు. ఆట షూటౌట్‌కు వెళ్లింది. కట్టిమణి గోడలా నిలబడ్డాడు, హైదరాబాద్ 3-1తో కప్పు ఎత్తింది.

ఇక్కడే ఆపి, "చూశారా, ఓపిక పడితే ఫలితం వస్తుంది" అనడం సులువు. అలా అంటే గ్యాలరీ తీర్పుకూ నా తీర్పుకూ తేడా ఉండదు. రెండు గోల్స్ చూసి అమ్మేయమనడం ఎంత తొందరపాటో, ఒక్క గోల్ చూసి ఉంచుకున్నందుకు చప్పట్లు కొట్టడమూ అంతే తొందరపాటు. పైగా ఆ రెండేళ్లలో మారింది ఆటగాళ్ల అదృష్టం ఒక్కటే కాదు. 2020 ఆగస్టులో మనోలో మార్కేజ్ కోచ్‌గా వచ్చాడు. విదేశీ ఆటగాళ్లు మారారు, ముందు వరుసలో ఒగ్బెచే వచ్చి ఆ ఛాంపియన్ సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. ఎవరి వాటా ఎంత అన్నది విడదీసి చూపడం కష్టం. ముందు తేల్చాల్సింది మాత్రం ఇది: ఆ "రెండే గోల్స్"లో ఆటగాడి చేతిలో ఉన్నదెంత, వట్టి యాదృచ్ఛికమెంత?

అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం. ఆ మాట నిజమే, ఎందుకంటే కుండలోని మెతుకులన్నీ ఒకే నీళ్లలో, ఒకే మంట మీద ఉడికాయి. ఆటగాడి షాట్లు అలా కావు. ఒకటి ఎదుటి డిఫెండర్ మోకాలికి తగిలి లోపలికి పోతుంది, ఇంకొకటి గోల్‌స్తంభానికి తగిలి బయటికి వస్తుంది. ఇక్కడ ఒక్క మెతుకు ఏమీ చెప్పదు. నలభై మెతుకులు కూడా చెప్పేది తక్కువే.

లెక్క వేసి చూద్దాం. ఒక మిడ్‌ఫీల్డర్ సీజన్ మొత్తంలో 40 షాట్లు కొట్టాడనుకోండి. అతని అసలు సామర్థ్యం పది షాట్లకు ఒక గోల్. అది ఏ సంవత్సరమూ మారదని కూడా అనుకుందాం. సగటున నాలుగు గోల్స్ రావాలి. కానీ వందమంది అచ్చం ఇలాంటి ఆటగాళ్లను తీసుకుంటే, వాళ్లలో సుమారు 22 మందికి ఆ సీజన్‌లో రెండో అంతకన్నా తక్కువో వస్తాయి. ఇంకో 20 మందికి ఆరో అంతకన్నా ఎక్కువో వస్తాయి. ఎవరి కాలిలోనూ పిసరంత తేడా లేదు. అయినా మొదటి గుంపును అమ్మేయమంటాం, రెండో గుంపు బొమ్మ జెర్సీల మీద వేసుకుంటాం. ఒక జట్టులో ఇలాంటి మిడ్‌ఫీల్డర్లు ముగ్గురుంటే, ఏటా కనీసం ఒకడైనా "రెండు గోల్సే" అన్న నింద మోసే అవకాశం సగానికి పైనే. అంటే సగానికి పైగా సంవత్సరాల్లో గ్యాలరీకి ఒక దోషి దొరుకుతాడు. ఎవరూ తప్పు చేయనక్కర్లేదు.

ఈ గందరగోళాన్ని తెలివైన లెక్కతో వదిలించుకోలేమా? కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త సూత్రం, ఏదో ఒకటి? ఈ ప్రశ్నకు జవాబు కనిపెట్టినవాడు తెలుగువాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, లోకం పిలిచే పేరు సి.ఆర్. రావు, 1920లో హడగలిలో పుట్టాడు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదువుకున్నాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ముగించి కలకత్తా చేరాడు. అక్కడ ఆయన గణాంకశాస్త్రం పాఠం చెబుతూ, పెద్ద నమూనాలకు వర్తించే, ఫిషర్ అనే గణాంకవేత్త ఫలితం ఒకదాన్ని వివరిస్తున్నప్పుడు దాండేకర్ అనే విద్యార్థి లేచి అడిగాడట: "మరి చిన్న నమూనాల సంగతేమిటి?" ఇంటికి వెళ్లి రాత్రంతా కూర్చుని జవాబు సాధించి, మర్నాడు క్లాసులో చెప్పానని రావు తర్వాత గుర్తుచేసుకున్నారు. అది 1945లో అచ్చయింది. నేడు ప్రపంచమంతా దాన్ని క్రామెర్-రావు హద్దు అంటుంది. అప్పటికి ఆయన వయసు పాతికలోపే. 2023లో, నూట రెండేళ్ల వయసులో, గణాంకశాస్త్రపు అంతర్జాతీయ బహుమతి ఆయనకు దక్కడానికి కారణమైన పరిశోధనల్లో ఆ వ్యాసమూ ఒకటి.

ఆ హద్దు చెప్పేదేమిటి? మీ దగ్గర ఉన్న సమాచారంలో ఎంత సత్తా ఉందో అంతే కచ్చితత్వం వస్తుంది. పక్షపాతం లేని ఏ అంచనా పద్ధతైనా, దాన్ని ఎంత మేధావి తయారుచేసినా, ఆ గీత దాటి లోపలికి రాలేదు. మన మిడ్‌ఫీల్డర్‌కు దీన్ని వర్తింపజేస్తే 40 షాట్ల నుంచి అతని గోల్ శాతాన్ని అంచనా వేసినప్పుడు, ఎటు చూసినా దాదాపు 5 శాతం పొరపాటు సహజం. అసలు విలువ పది, పొరపాటు అయిదు! ఆ పొరపాటును ఒక శాతానికి తగ్గించాలంటే 900 షాట్లు చూడాలి. సీజన్‌కు 40 చొప్పున 22 సంవత్సరాలకు పైనే. అంతదాకా ఆడే మిడ్‌ఫీల్డర్ ఎవడూ లేడు. కాబట్టి గోల్స్ లెక్కపెట్టి మిడ్‌ఫీల్డర్ మంచీచెడ్డా తేల్చడం అసాధ్యం. మనకు ఓపిక చాలక కాదు, ఆ సమాచారంలోనే అంత సత్తా లేదు.

హద్దును దాటలేం గానీ, పక్కదారి ఒకటి ఉంది. పక్షపాతం లేకుండా అన్న షరతును వదులుకోవాలి. 1961లో విలార్డ్ జేమ్స్, చార్లెస్ స్టైన్ అనే ఇద్దరు దీన్ని కచ్చితంగా నిరూపించారు. ఒకే రకం పని చేసే చాలామందిని ఒకేసారి అంచనా వేయాల్సి వచ్చినప్పుడు, ఒక్కొక్కరి సొంత అంకెను నమ్మడం కన్నా, ఆ అంకెను గుంపు సగటు వైపు కొంత లాగితే మొత్తం మీద తప్పులు తగ్గుతాయి. మొదట విన్నప్పుడు ఇది అన్యాయంగా తోస్తుంది. ఒకడి పని చూసి తీర్పు చెప్పమంటే పక్కవాళ్ల సగటు కలపడమేమిటి? బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ అనే గణాంకవేత్తలు దీన్ని 1970 నాటి అమెరికన్ బేస్‌బాల్ లెక్కల మీద పరీక్షించారు. పద్దెనిమిది మంది బ్యాటర్లు, ఒక్కొక్కరికి మొదటి 45 అవకాశాలు. వాళ్లలో థర్మన్ మన్సన్ అనే కొత్తకుర్రాడు 45లో 8 మాత్రమే కొట్టగలిగాడు, సగటు 0.178. ఆఖరు నుంచి రెండోవాడు. మిగతా సీజన్‌లో అతని సగటు 0.316. ఆ సంవత్సరం తన లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడిగా ఎంపికైంది అతనే. తొలి 45 అవకాశాల్లో 0.400తో అందరికన్నా పైనున్న రొబెర్టో క్లెమెంటే మిగతా సీజన్‌లో 0.346కు దిగాడు. అది గొప్ప సగటే, కానీ దిగాడు. సగటు వైపు లాగిన అంచనాలు మొత్తం మీద అసలు అంకెలకు చాలా దగ్గరగా వచ్చాయి.

మన మిడ్‌ఫీల్డర్ దగ్గరికి వద్దాం. ఈ తరహా ఆటగాళ్ల సగటు గోల్ శాతం 10, ఒకరికీ ఒకరికీ మధ్య నిజమైన తేడా అటూ ఇటూ 3 శాతం అనుకుందాం. రెండు గోల్స్ కొట్టినవాడి అంకె 5 శాతం. దాన్ని తగినంత సగటు వైపు లాగితే 8.6 అవుతుంది. వచ్చే సీజన్‌లో 40 షాట్లకు మూడున్నర గోల్స్ ఆశించొచ్చు. ఆరు గోల్స్ కొట్టిన వీరుడి అంకె 15. అదే లెక్కతో లాగితే 11.4, అంటే నాలుగున్నర గోల్స్. పోయిన సీజన్‌లో ఇద్దరి మధ్య నాలుగు గోల్స్ తేడా ఉంటే, వచ్చే సీజన్‌కు ఉండబోయేది సుమారు ఒక్కటే!

కానీ బజారులో ధర నాలుగు గోల్స్ తేడాకే పలుకుతుంది. ఇక్కడే చెవినపడితే గ్యాలరీకి కోపం వచ్చే మాట ఒకటుంది. గోల్స్ అంకె ఒక్కటే ఆధారమైతే, అమ్మాల్సింది రెండు కొట్టినవాణ్ణి కాదు, ఆరు కొట్టినవాణ్ణి. ధర అతనిదే ఉబ్బి ఉంది. రెండు కొట్టినవాణ్ణి ఆ సమయంలో అమ్మడమంటే తక్కువ ధరకు తెగనమ్ముకోవడమే. తెలివైన ఇంకో క్లబ్ ఏదో అతని కోసం కాచుకుని ఉంటుంది.

నెదర్లాండ్స్‌లో బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త 1986 నుంచి 2004 దాకా అక్కడి లీగ్ కోచ్‌ల సంగతి ఇలాగే తవ్వి చూశాడు. వరసగా ఓడిన జట్టు కోచ్‌ను తీసేస్తే ఫలితాలు మెరుగవుతాయి. నిజమే. కానీ అంతే దారుణంగా ఓడి కోచ్‌ను తీసేయని జట్లకూ దాదాపు అలాగే మెరుగయ్యాయి. అడుగున ఉన్నది పైకి రావడానికి చాలాసార్లు కారణం అది అడుగున ఉండడమే. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో మ్యాచ్‌కు 0.56 పాయింట్లు, తర్వాతి సీజన్‌లో 1.45, ఛాంపియన్ సీజన్‌లో 1.9 సంపాదించింది. అందులో మొదటి మెట్టును పూర్తిగా మనోలో మాయగా నేనైతే రాయను. రెండో మెట్టును మాత్రం ఆయన ఖాతాలో వేయడానికి అభ్యంతరం లేదు. అప్పటికి జట్టు సగటు కన్నా పైనే ఉంది, సగటు వైపు లాగుడు అప్పుడు కిందికి ఉండాలి.

మరి దేన్ని చూడాలి? త్వరగా కుదురుకునే అంకెలను. మిడ్‌ఫీల్డర్ మ్యాచ్‌కు 50 పాస్‌లు ఇస్తే 30 మ్యాచ్‌ల్లో 1500. అందులో 85 శాతం చేరాయంటే, ఆ అంకెలో పొరపాటు ఒక శాతం కన్నా తక్కువ. గోల్స్‌కు 22 ఏళ్లు పట్టే పని ఇక్కడ ఒక్క సీజన్‌లో అయిపోతుంది. పరుగు ఇంకా నమ్మకమైన సాక్షి. మిడ్‌ఫీల్డర్ ఒక మ్యాచ్‌లో సుమారు 11, 12 కిలోమీటర్లు తిరుగుతాడు. వీపుకు కట్టిన చిన్న జీపీఎస్ పరికరం వేగాన్ని క్షణక్షణం రాసుకుంటుంది. కొన్ని మ్యాచ్‌లు చాలు. చివరి ఇరవై నిమిషాల్లో పూర్తివేగపు పరుగులు తగ్గిపోతున్నాయా లేదా అన్నది స్పష్టంగా తేలిపోతుంది. గోల్స్ తగ్గితే కంగారు పడక్కర్లేదు. పరుగు తగ్గితే డాక్టర్‌ను పిలవాలి.

అయితే తేలిగ్గా కొలవగలిగిందల్లా కొలవాల్సింది కాదు. తొంభై నిమిషాల ఆటలో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది ఏ రెండు మూడు నిమిషాలో. మిగతా సమయమంతా అతను ఎక్కడ నిలబడ్డాడు, ఏ దారి మూశాడు, ఎవరికి చోటు వదిలాడు అన్నదే అతని ఉద్యోగం. దాన్ని లెక్కలోకి తేవడానికి ఈ మధ్య గట్టి ప్రయత్నాలు జరిగాయి. మైదానాన్ని గళ్లుగా విడగొట్టి, బంతి ఒక గడి నుంచి ఇంకో గడికి మారితే గోల్ అవకాశం ఎంత పెరిగిందో చూసే పద్ధతిని 2019లో కరుణ్ సింగ్ ముందుపెట్టాడు. ఇలాంటి పద్ధతులతో చివరి షాట్ కొట్టినవాడికే కాక, దానికి మూడు పాస్‌ల ముందు బంతిని కష్టమైన చోటి నుంచి బయటపడేసినవాడికి కూడా లెక్కలో వాటా దక్కడం మొదలైంది. బంతి లేని ఇరవై ఒక్కమంది ఎక్కడెక్కడ ఉన్నారో కెమెరాలతో పట్టి, ఏ చోటు ఎవరి అదుపులో ఉందో చెప్పే నమూనాలూ వచ్చాయి. ఇవి లేని రోజుల్లో అమ్మకాలు ఎలా జరిగాయో చెప్పడానికి క్లాడ్ మాకెలెలె ఉదంతం చాలు.

2003లో రియల్ మాడ్రిడ్ స్పెయిన్ లీగ్ గెలిచింది. ఆ వేసవిలోనే బెక్‌హామ్‌ను తెచ్చుకుంది, జీతం పెంచమన్న మాకెలెలెను చెల్సీకి వదిలేసింది. అతను దూరం పాస్‌లు ఇవ్వలేడని, బంతిని పక్కకో వెనక్కో ఇవ్వడమే వచ్చని క్లబ్ అధ్యక్షుడు పెరెజ్ తీసిపారేశాడు. ఆ మాటల్లో అబద్ధం లేదు. అతను చేసేది అదే. ఎదుటి జట్టు దాడిని మొదట్లోనే తుంచి, పక్కనున్న జిదాన్‌కో ఇంకొకరికో బంతి అప్పగించడం. తర్వాతి సీజన్‌లో రియల్ నాలుగో స్థానానికి జారింది. మళ్లీ లీగ్ గెలవడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది. చెల్సీ 2005లో, 2006లో వరసగా ఇంగ్లండ్ ఛాంపియన్ అయింది. ఇదంతా ఒక్కడి వల్లే అనడం అతిశయోక్తే. కానీ ఇలాంటి ఆటగాణ్ణి ఇంగ్లిష్ వ్యాఖ్యాతలు నేటికీ మాకెలెలె స్థానం ఆడేవాడు అంటారు. తప్పుగా అమ్మిన మనిషి పేరే ఒక స్థానానికి పేరైంది.

అదే చెల్సీ తానూ తక్కువ తినలేదు. కెవిన్ డి బ్రైనాను లీగ్‌లో మూడంటే మూడు మ్యాచ్‌లు ఆడించి 2014 జనవరిలో జర్మనీకి అమ్మేసింది. ఏడాదిన్నర తర్వాత మాంచెస్టర్ సిటీ ఆ ధరకు దాదాపు మూడింతలు పెట్టి అతన్ని కొనుక్కుంది. ఈ కథ చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అమ్మేశాక వెలిగినవాళ్లే మనకు గుర్తుంటారు. అమ్మేశాక ఎక్కడో రెండో డివిజన్‌లో కలిసిపోయిన వందల మంది పేర్లు ఎవరికీ గుర్తుండవు. వాళ్ల విషయంలో క్లబ్‌దే సరైన లెక్క.

అదృష్టాన్ని పక్కన పెట్టాక మిగిలే రెండో అనుమానం స్థానం. మనిషి బాగాలేడా, అతన్ని నిలబెట్టిన చోటు బాగాలేదా? చోటు మార్చి చూసే ఈ విద్యలో సికింద్రాబాద్, హైదరాబాద్‌లకు పాత పేరుంది. పీటర్ తంగరాజ్ సికింద్రాబాద్‌లో మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులకు ఆడి, 1953లో సైన్యంలో చేరాడు. మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ జట్టులో సెంటర్ ఫార్వర్డ్. అక్కడే అతన్ని గోల్ ముందుకు మార్చారు. ఆ జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది, తంగరాజ్ ఆసియా మెచ్చిన గోల్‌కీపర్ అయ్యాడు. ఫార్వర్డ్‌గా ఎన్ని గోల్స్ కొట్టాడో చూసి ఇంటికి పంపించి ఉంటే ఏమయ్యేది?

1962 జకార్తా ఆసియా క్రీడల్లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ దీన్ని తిరగేశారు. హైదరాబాద్‌లో బడిపంతులుగా మొదలై సిటీ పోలీస్ జట్టును, దేశం జట్టును నడిపిన మనిషి ఆయన. తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందు వరుసలోకి పంపారు. సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో దక్షిణ కొరియా మీద ఇంకో గోల్ జర్నైల్ కొట్టాడు. 2-1తో స్వర్ణం వచ్చింది. ఆ జట్టులో తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. పుట్టింది అమ్ముగూడలో, తిరుమలగిరికి దగ్గర్లోనే. అక్కడి నుంచి నగరంలో ప్రాక్టీసుకు రావడానికి సైకిల్ అద్దెకు కూడా డబ్బులేని రోజుల్లో రహీమ్ ఆ అద్దె తానిచ్చేవారని బలరామ్ చెప్పుకున్నాడు. ఏ కొలత పరికరమూ పట్టుకోలేని కారణం అది. కుర్రాడు మైదానంలో అలసిపోయి కనబడితే, ఆట ఆడి అలిసాడా, మైళ్లు నడిచి అలిసాడా అని అడిగేవాడు ఒకడుండాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీలోనూ ఇది జరిగింది. అంచున పరిగెత్తే మిడ్‌ఫీల్డర్‌గా వచ్చిన నిఖిల్ పూజారిని, ఆశిష్ రాయ్ వెళ్లిపోయాక, మనోలో కుడి డిఫెండర్‌గా దింపాడు. అతను ఆ స్థానంలోనే భారత జట్టుకూ ఆడాడు. ఒక పైసా ఖర్చు లేకుండా క్లబ్‌కు కొత్త ఆటగాడు దొరికినట్టయింది.

అదృష్టం కాదు, స్థానం కాదు, నిజంగానే కాళ్లలో సత్తా తగ్గిందని తేలితే? అప్పుడు అమ్మొచ్చు. తేలిన తర్వాత కూడా క్లబ్‌లు అమ్మలేకపోవడం ఇంకో చిత్రం. 1995లో బ్యారీ స్టా, హా హోంగ్ అనే పరిశోధకులు అమెరికన్ బాస్కెట్‌బాల్ లెక్కలు చూశారు. ఎంపికలో ముందుగా, అంటే ఖరీదుగా, తీసుకున్న ఆటగాళ్లకు అదే స్థాయిలో ఆడే ఇతరుల కన్నా ఎక్కువ నిమిషాలు దక్కాయి. ఆట కన్నా వాళ్ల మీద పెట్టిన ఖర్చే ఎక్కువ మాట్లాడింది. "ఇంత పోసి కొన్నాం, బెంచీ మీద కూర్చోబెడితే నవ్విపోరా?" ఫుట్‌బాల్‌లో దీనికి జమాఖర్చుల పుస్తకం కూడా తోడవుతుంది. 50 కోట్లు పెట్టి అయిదేళ్ల ఒప్పందానికి కొంటే, పుస్తకాల్లో ఏటా 10 కోట్ల చొప్పున తగ్గిస్తారు. రెండేళ్లకు మిగిలిన విలువ 30 కోట్లు. ఎవరైనా 25 కోట్లు ఇస్తామంటే పుస్తకంలో 5 కోట్ల నష్టం కనబడుతుంది. దానికి జడిసి అమ్మకుండా ఉంచుకుంటే రెండేళ్లలో జీతమూ పోతుంది, ధరా పడిపోతుంది. పెట్టిన 50 కోట్లు ఎలాగూ తిరిగిరావు. చూడాల్సింది రేపటి ఆట, రేపటి జీతం, ఈవేళ చేతికొచ్చే ధర, అంతే. వయసు ముప్పై దాటుతూ, పూర్తివేగపు పరుగులు వరసగా తగ్గుతూ, ఒప్పందంలో ఇంకా రెండేళ్లు మిగిలుంటే, పుస్తకంలో నష్టమైనా నేనైతే అమ్మేస్తాను. ఇరవై మూడేళ్లవాడు, పరుగు తగ్గలేదు, గోల్స్ మాత్రమే తగ్గాయి అంటే ఎంతిచ్చినా తొందరపడను. ఈ రెంటి మధ్యలో ఉన్నవాళ్లే ఎక్కువమంది. వాళ్ల విషయంలో కోచ్ కంటికి, అంకెలకు పడకపోతే ఇంకో ఆరు నెలలు ఆగడం చవకైన ప్రయోగం.

మన దేశపు లీగ్‌లో ఈ బేరాలు మరీ చిన్నవి. ఒప్పందాలు రెండు మూడేళ్లవి, ముగిశాక క్లబ్‌కు రూపాయి రాకుండానే ఆటగాడు వెళ్లిపోవచ్చు. 1995లో యూరప్ న్యాయస్థానం బోస్మన్ కేసులో ఇచ్చిన తీర్పు తర్వాత లోకమంతా మెల్లగా ఒప్పుకున్న పద్ధతి అది. కాబట్టి ఇక్కడ "అమ్మాలా" అన్న ప్రశ్నకు గడువు ఉంటుంది. ఒప్పందం చివరి ఏడాదిలోకి వచ్చాక అమ్మేందుకు మిగిలేది పెద్దగా ఉండదు.

హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆ గడువు కూడా దక్కలేదు. 2022-23లో 42 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచిన క్లబ్, మరుసటి సీజన్‌కే జీతాలు ఇవ్వలేని స్థితికి వచ్చింది. 2024 జనవరికల్లా విదేశీ ఆటగాళ్లలో చాలామంది, కోచ్ వెళ్లిపోయారు. పూజారి, యాసిర్ వేరే క్లబ్‌ల దారి పట్టారు. అట్టడుగు రోజుల నుంచి కాపాడుకుంటూ వచ్చిన మిడ్‌ఫీల్డ్ అలా చెదిరిపోయింది. మిగిలిన కుర్రాళ్లతో సింగ్తో అనే కోచ్ 22 మ్యాచ్‌ల సీజన్ ముగించాడు. ఒక్క గెలుపు, 8 పాయింట్లు. ఆ కుర్రాళ్ల అంకెలు చూసి వాళ్లలో ఎవరు పనికొస్తారో, ఎవరు రారో చెప్పమంటే సి.ఆర్. రావు కూడా తల అడ్డంగా ఊపేవారు. తర్వాత యాజమాన్యం మారింది. 2025లో క్లబ్ పేరు, ఊరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అమ్మాలా వద్దా అని తర్జనభర్జన పడాలంటే ముందు నెల తిరిగేసరికి జీతం వేసే క్లబ్ ఉండాలి. గచ్చిబౌలిలో ఇప్పుడు అది లేదు.